బండికి బాక్సులు, ఇంటాయనకు జాగారం

దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్. సింగరేణి ఇళ్లలో పెద్ద మొత్తం ఒక్కసారిగా కళ్లజూసేది ఈ రెండు పండుగలకే. 2024 దసరాకు కంపెనీ లాభాల్లో 33 శాతం వాటా అంటూ కార్మికులకు 796 కోట్లు పంచారు. ఆ తర్వాత దీపావళి బోనస్, హాజరును బట్టి ఒక్కొక్కరికి 93,750 రూపాయల వరకు. డబ్బు ఇంకా బ్యాంకులో పడకముందే దాని మీద ఇంట్లో పేర్లు రాసేసి ఉంటాయి. బిడ్డ పెళ్లికి తెచ్చిన అప్పు, చిట్టీ బాకీ, ఊళ్లో సగంలో ఆగిన ఇల్లు. ఈ మధ్య ఆ జాబితాలో ఒక కొత్త పద్దు చేరింది. కొడుకు బండికి సౌండ్ సిస్టమ్.

"పోరడు అడుగుతున్నడక్కా. బుల్లెట్ కొనిచ్చినం, ఇప్పుడు దానికి బాక్సులు పెట్టిస్తనంటున్నడు. ఎంతనో కాదు గదా, ఇచ్చేస్తే ఇంట్ల గొడవుండదు" అని ఈ శ్రీరాంపూర్ క్వార్టర్లలో నాతో అన్న తల్లులు ఒకరిద్దరు కాదు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఇక్కడే రాస్తే నయం అనిపించింది.

నా మాట సూటిగానే చెప్తాను. ఆ డబ్బు ఇవ్వకండి. అది దుబారా అని కాదు నా బాధ. పిల్లలు దుబారా చేస్తారు, మనమూ చీరల దగ్గర చేస్తాం. బండి మీద బాక్సు పెట్టడం దుబారా కంటే పెద్ద తప్పు. మన ఊరిలాంటి ఊళ్లో అది పక్కింటి మనిషి నిద్ర దొంగిలించడం. ఆ నిద్ర బాయిలోకి దిగే మనిషికి ప్రాణరక్షణ. ఈ రెండు మాటలూ రుజువు చేయడానికే ఈ రాత.

ముందు ఈ సరదా ఎక్కడ పుట్టిందో చూద్దాం. దూరప్రయాణాల కోసమే తయారుచేసే పెద్ద బండ్లు అమెరికాలో, జపాన్‌లో ఉన్నాయి. హోండా గోల్డ్ వింగ్ అనే బండి 1975లో వచ్చింది. ఇప్పటి మోడల్‌కు 1,833 సీసీ ఇంజన్, కారుకున్నట్టు ఆరు సిలిండర్లు. హార్లే డేవిడ్‌సన్ వాళ్ల టూరింగ్ బండ్లూ ఇలాంటివే. వాటికి ముందు వెడల్పాటి అద్దం, దాని కింద గాలిని పక్కలకు చీల్చే పెద్ద కవచం ఉంటాయి. స్పీకర్లు ఆ కవచం లోపల, నడిపేవాడి ముఖానికి ఎదురుగా కూర్చుంటాయి. రోజుకు ఐదారు వందల కిలోమీటర్లు, ఊళ్లే తగలని తిన్నని రోడ్ల మీద పోయేవాళ్ల కోసం కంపెనీయే అమర్చిన ఏర్పాటు అది.

మనవాడి బండి 349 సీసీ. పోయేది సీసీసీ కార్నర్ దాకా, మహా అయితే మంచిర్యాల దాకా. వానాకాలంలో నలుగురు దోస్తులతో కడెం ప్రాజెక్టుకో కుంటాల జలపాతానికో. అద్దం లేదు, కవచం లేదు. క్రాష్ గార్డుకు రెండు గుండ్రటి డబ్బాలు బిగించి, సీటు కింద యాంప్లిఫైయర్ దోపి, ఫోనులోంచి బ్లూటూత్‌తో పాట పెడతారు. పేరు మాత్రం టూరింగ్ సెటప్. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అన్లేదు. ఇక్కడ బండి కిస్తీలు కూడా తీరలేదు, మోత మాత్రం జోరుగానే ఉంది.

ఈ డబ్బాలు పెట్టుకున్నవాడికి పాట సరిగ్గా వినబడదు. ఇందులో తమాషా అదే. బండి వేగం గంటకు అరవై డెబ్భై కిలోమీటర్లు దాటిందంటే చెవి దగ్గర ఇంజన్ మోతకంటే గాలి మోతే ఎక్కువవుతుంది. పైన హెల్మెట్. గాలిని దాటి, హెల్మెట్‌ను దాటి పాట లోపలికి రావాలంటే రెండే దారులు. హెల్మెట్ తీసేయాలి, లేదా వాల్యూమ్ పెంచాలి. మన పిల్లలు చాలామంది రెండూ చేస్తారు. అంటే బాక్సు కొనిచ్చిన తల్లి తెలియకుండానే హెల్మెట్ తీయడానికి ఒక కారణం కొనిచ్చినట్టు.

మరి పాట ఎవరికి వినబడుతుంది? రోడ్డు పక్కన ఉన్నవాళ్లకు. వాళ్లకు ఎదురుగాలి లేదు, హెల్మెట్ లేదు. ఒక చిన్న లెక్క చూడండి. డబ్బా ముందు ఒక మీటరు దూరంలో 90 డెసిబెళ్లు ఉందనుకుందాం. పాట గట్టిగా పెట్టిన మామూలు స్పీకరుకు అది పెద్ద సంగతి కాదు. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ మోత 6 డెసిబెళ్లు తగ్గుతుంది. రెండు మీటర్లకు 84, నాలుగుకు 78, ఎనిమిదికి 72. మన క్వార్టర్లలో ముందు గది కిటికీకీ రోడ్డుకూ మధ్య దూరం ఎంత? జామచెట్టు, నల్లా, ప్రహరీ అన్నీ కలిపి కొలిచినా ఎనిమిది మీటర్లు వస్తే గొప్ప. నివాస ప్రాంతంలో పగటిపూట శబ్దం సగటున 55 డెసిబెళ్లు దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి. 55కూ 72కూ తేడా పదిహేడే కదా అనిపిస్తుంది. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లు. పదిహేడు పెరిగితే దాదాపు యాభై రెట్లు. మన కిటికీ మీద పడేది అదీ.

ఇక మన ఊరి సంగతి. బయటి ఊళ్ల వదినలకు, అక్కలకు తెలియకపోవచ్చు కాబట్టి కొంచెం విడమరచి చెప్తాను. బొగ్గు బాయికి పగలూ రాత్రీ లేవు. రోజుకు మూడు షిఫ్టులు. ఆర్కే-5 అయినా ఆర్కే-7 అయినా ఓపెన్‌కాస్ట్ అయినా అంతే. మొదటి షిఫ్టు మనిషి పొద్దున పోతాడు, రెండో షిఫ్టు మనిషి మధ్యాహ్నం పోయి రాత్రి వస్తాడు, నైట్ షిఫ్టు మనిషి ఊరు పడుకున్నాక పోయి ఊరు లేచాక వస్తాడు. అలా వచ్చినాయన స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని ఒరిగేసరికి పొద్దున తొమ్మిదవుతుంది. ఆయన అర్ధరాత్రి అప్పుడు మొదలవుతుంది. మన కాలనీల్లో ఏ రోజైనా, ఏ వరుసలోనైనా కొన్ని ఇళ్లల్లో పట్టపగలు అర్ధరాత్రే.

ఆ అర్ధరాత్రిని తయారుచేసేది ఎవరు? మనం. ఇది ఎవరూ లెక్కలో వేయని పని. కిటికీకి దుప్పటి కడతాం. కుక్కర్ విజిల్ రాకముందే పరుగెత్తి స్టవ్ ఆపుతాం, లేదంటే ఆ వారమంతా గిన్నెలోనే పప్పు ఉడకబెడతాం. బట్టలు బండ మీద బాదం, చేత్తో నలిపి పిండుతాం. చంటిపిల్ల ఏడిస్తే చంకనేసుకొని వీధి చివరికి పోతాం. కూరగాయల బండి మనిషిని గేటు దగ్గరే ఆపి నోటి మీద వేలు పెట్టి చూపిస్తాం. ఫోను సైలెంట్, టీవీ బంద్, మిక్సీ సాయంత్రం. చుట్టాలు వస్తే గుసగుసల్లో మర్యాదలు చేస్తాం. మా ఆయన నైట్ షిఫ్టు ఉన్న వారం ఇంట్లో నా మొదటి పని వంట కాదు, నిశ్శబ్దం. ఇలా పోగుచేసిన నిశ్శబ్దాన్ని ఒక బాక్సుల బండి పది సెకన్లలో తుడిచేసి మలుపు తిరిగి పోతుంది. మనం బోనస్ డబ్బుతో కొనిచ్చేది దాన్నే. మన చేతి పని మీద మనమే బురద చల్లించుకోవడం ఇది.

"ఒక్క నిమిషం మెలకువైతే ఏమైతది, మళ్లీ పండుకుంటడు" అంటారు. పగటి నిద్ర అలాంటిది కాదు. ఒళ్లు పడుకుందామన్నా పైన సూర్యుడు లేవమంటుంటాడు. అందుకే పగటి నిద్ర రాత్రి నిద్రకంటే పలచన, తొందరగా తెగుతుంది, తెగితే అతకదు. నైట్ షిఫ్టు మనిషిని పన్నెండింటికి లేపి చూడండి. దొర్లుతాడు, లేచి నీళ్లు తాగుతాడు, చివరికి గడప మీద కూర్చుంటాడు.

ఇప్పుడు ఆయన గంటలు లెక్కబెడదాం. మధ్యాహ్నం పన్నెండుకు నిద్ర చెడింది, మళ్లీ పట్టలేదు. రాత్రి డ్యూటీకి పోయాడు. తెల్లవారుజామున ఐదింటికి ఆయన మెలకువగా ఉండి పదిహేడు గంటలు. ఆ వేళకు ఇంకా లోపలే ఉన్నాడు. పదిహేడు గంటలు నిద్రలేకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. మన మోటారు చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం, అంటే 0.03 శాతం దాటితేనే తాగి నడిపినట్టు లెక్కగట్టి కేసు పెడుతుంది. తాగినవాడిని బండి ఎక్కనివ్వం. నిద్ర తెగినవాడిని భూమి కిందికి దింపుతున్నాం. తాగించినవాడు ఒకడుంటే వాడిని తిడతాం కదా. నిద్ర చెడగొట్టినవాడు మాత్రం మనకు సరదా కుర్రాడు.

బాయి లోపల కన్నుతో పాటు చెవి కూడా కాపలా కాస్తుంది. పని మొదలుపెట్టే ముందు పైకప్పును గడ్డపారతో తట్టి చూస్తారు. గట్టి బండ ఖంగుమంటుంది. పొర విడిన బండ డొల్లగా పలుకుతుంది. ఆ డొల్ల మోత విని పక్కకు జరిగినవాడు ఇంటికి వస్తాడు. నిద్రమబ్బులో ఉన్నవాడి చెవిలో కూడా ఆ మోత పడుతుంది, కానీ కాలు జరగడానికి ఒక క్షణం ఆలస్యమవుతుంది. బాయిలో ఆ ఒక్క క్షణానికి ఎంత విలువో ఈ బెల్టులో ఏ వరుసలో ఏ గడప దగ్గర అడిగినా చెప్తారు.

ఇంకో మాట. నిద్ర చాలని మనిషికి రెండే దారులు. ఆ మబ్బుతోనే దిగడం, లేదా నాగా పెట్టడం. పాత గనుల చట్టం ప్రకారం భూగర్భంలో పనిచేసేవాళ్లకు ఏడాదికి 190 మస్టర్లు నిండితేనే జీతంతో కూడిన సెలవు హక్కు వచ్చేది. పైన పనిచేసేవాళ్లకు 240. నాగాలు పెరిగితే మస్టర్లు తగ్గుతాయి, మస్టర్లు తగ్గితే బోనస్ కూడా కోసుకుపోతుంది. ఏ బోనస్‌తో బాక్సులు కొన్నామో ఆ బోనస్‌నే బాక్సులు కొరుకుతాయి. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు కదా. ఇక్కడ సొమ్ము తండ్రిది, సోకు కొడుకుది, జాగారం పక్కింటాయనది.

చట్టం చూసుకుంటుంది లెమ్మని చేతులు దులుపుకుందామా? చట్టంలో ఉన్నది చెప్తాను. రాతపూర్వక అనుమతి లేకుండా లౌడ్‌స్పీకర్ వాడకూడదని నిబంధన ఉంది. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా గుర్తించవచ్చు. శబ్ద ప్రమాణాలు ఉల్లంఘించి బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల వరకు జైలు గానీ పదివేల వరకు జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు, మూడు నెలలు లైసెన్స్ పోవచ్చు. మార్చిన సైలెన్సర్లను మన రాష్ట్రంలో పలుచోట్ల పోలీసులు కుప్పపోసి రోడ్డు రోలరుతో తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు.

అయినా ఆ చట్టానికి మన ఇంటి గడియారం తెలియదు. దాని దృష్టిలో రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు వరకు. అప్పుడు 45 డెసిబెళ్ల కఠిన పరిమితి. ఆరు దాటితే పగలు, 55. మన ఇంటాయన కళ్లు మూసే వేళకు చట్టం కళ్లు తెరిచి కాస్త సందు ఇస్తుంది. ఆయన బాయిలో ఉండగా ఇక్కడ ఖాళీ మంచానికి కాపలా కాస్తుంది. పైగా ఆ పరిమితులు సగటు లెక్కలు. పది సెకన్లలో దూసుకుపోయిన బండి రోజంతటి సగటులో ఎక్కడ దొరుకుతుంది? నిద్రకు సగటు ఉండదు. తెగడానికి ఒక్క మోత చాలు. కాబట్టి ఈ పని పోలీసులది కాదు. కాలనీది, ఇంటిది.

ఇంకా ఖరీదు సంగతి ఉంది, అదీ విప్పుదాం. బుల్లెట్‌లాంటి బండిలో ఉండేది 12 వోల్టుల, 8 ఆంపియర్-అవర్ బ్యాటరీ. రెండూ గుణిస్తే 96 వాట్-అవర్. వంద వాట్లు లాగే యాంప్లిఫైయర్ పెట్టి ఇంజన్ ఆపి పాట వింటే గంట తిరక్కముందే బ్యాటరీ చతికిలబడుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు కూడా అది తయారుచేసే కరెంటుకు ఒక హద్దుంది. ఆ కరెంటు హెడ్‌లైటుకూ హారనుకూ ఇండికేటరుకూ సరిపోయేటట్టు కంపెనీ లెక్కగట్టి పెట్టింది. దానికి అదనంగా ఒక మూట తగిలిస్తే లోటు ఎక్కడో ఒకచోట కనబడుతుంది. ఫ్యూజ్ లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా లాగిన తీగ, సీటు కింద టేపు చుట్టిన అతుకు, వానకు తడిసిన డబ్బా. ఇవి షార్ట్ కావడానికి ముహూర్తం చూడవు. వైరింగ్ కోశారని తెలిస్తే వారంటీ మాట ఎత్తితే షోరూంలో మొహం అటు తిప్పుకుంటారు. ఇక రోడ్డు సంగతి చెప్పేదేముంది. వెనక బొగ్గు టిప్పర్ హారన్ కొడుతుంటే, పిల్లవాడి మోకాళ్ల దగ్గర బేస్ దడదడలాడుతుంటుంది. ఏది ముందు వినబడుతుందో తల్లిగా మీరే ఊహించుకోండి.

మనం పైకి అనని విషయం ఒకటుంది. ఈ బాక్సుల బండ్లు మగవాళ్లు ఒంటరిగా నిలబడ్డ చోట అంత నెమ్మది చేయవు. కాలేజీ బస్సు కోసం ఆడపిల్లలు నిలబడే స్టాపు దగ్గర, సాయంత్రం నల్లా దగ్గర, ట్యూషన్ సందు మొదట్లో నెమ్మది చేస్తాయి. నోటితో ఒక్క మాట అనకుండా పాటతో అనిపిస్తారు. అడిగితే "పాట పెట్టుకున్నాం ఆంటీ, మీకేంది?" పిల్ల తల దించుకొని పోతుంది. మన కొడుకు అలాంటివాడు కాదని ప్రతి తల్లీ నమ్ముతుంది, నమ్మాలి కూడా. కానీ ఆ పని చేయడానికి కావలసిన సాధనం మన చేత్తో ఎందుకు కొనివ్వాలి?

ఎదురు మాటలు చాలా విన్నాను. వాటికీ జవాబు చెప్తాను.

"గుడి మైకులు లేవా, బారాత్ డీజేలు లేవా, ఎన్నికల ఆటోలు లేవా? మా పిల్లవాడే దొరికాడా?" ఉన్నాయి. వాటినీ తగ్గించమని అడగాలి. కానీ బారాత్ ఒక రోజు, ఎన్నిక ఐదేళ్లకు ఒకసారి. గుడి ఎక్కడుందో తెలుసు, పూజారి ఎవరో తెలుసు, పోయి దండం పెట్టి చెప్పుకోవచ్చు. బండి ఏ వేళకు వస్తుందో, ఎవరిదో తెలియదు. నిద్రపోయే మనిషికి దేన్నైనా ముందే తెలిస్తే ఓర్చుకునే వీలుంటుంది. హఠాత్తుగా వచ్చేదే గుండెను అదరగొడుతుంది.

"తెలంగాణల పుట్టి పాటకు అడ్డం చెప్తవా?" ఇది నన్ను బాగా పొడిచిన మాట. గూడ అంజయ్య పుట్టిన పాత ఆదిలాబాద్ జిల్లా మాది. ఈ బెల్టులో సమ్మెలకూ, తెలంగాణ ఉద్యమానికీ ఊపిరి పోసింది పాటే. కానీ ఆ పాట మనుషులను ఒక దగ్గరికి పిలిచింది. గొంతుకు గొంతు కలిసింది. నచ్చనివాడు లేచిపోయే వీలుంది, నచ్చినవాడు కోరస్ అందుకునే వీలుంది. బండి మీది పాట ఎవరినీ పిలవదు. ఆగదు, వినమని అడగదు, మన చెవిలో గుచ్చి పోతుంది. బతుకమ్మ చుట్టూ మనమూ పాడతాం. ఏ తొమ్మిది రోజులు, ఏ వేళ, ఏ మైదానం అన్నది ఊరందరికీ తెలిసే పాడతాం.

"దూరం పోయేటప్పుడు ఒంటరిగా బోరు కొడుతుంది." సరే, ఒప్పుకుంటాను. దానికి హెల్మెట్ లోపల పెట్టుకునే చిన్న స్పీకర్లు, ఇంటర్‌కమ్‌లు వస్తున్నాయి. దారి చెప్పే గొంతు వినబడుతుంది, వెనక దోస్తుతో మాట్లాడొచ్చు. వాల్యూమ్ తగ్గించి పెట్టుకుంటే హారన్ కూడా చెవిన పడుతుంది. ముఖ్యంగా అవి పనిచేయాలంటే హెల్మెట్ తలమీద ఉండాలి. నిజంగా పాట వినడమే కావాలంటే పిల్లవాడు దీనికి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే వాడికి కావలసింది పాట వినడం కాదు, వినిపించడం. బేరం అక్కడే తేలిపోతుంది. ఇక జన్నారం అడవి దారిలో అయితే ఆ చిన్న స్పీకరూ ఆపుకుంటే మంచిది. 2012 నుంచి అది కవ్వాల్ పులుల అభయారణ్యం. అక్కడ రోడ్డు మాత్రమే మనది, చుట్టూ ఉన్న చెవులన్నీ వేరేవాళ్లవి.

"పిల్లలు ఈ వయసులో కాకపోతే ఎప్పుడు సరదా పడతారు?" పడాలి. బండి మీద తిరగనివ్వండి, జలపాతాలు చూడనివ్వండి, ఇంట్లో తలుపేసుకొని పాటలు పెట్టుకోనివ్వండి. రేపు వాడు కూడా నాన్న ఉద్యోగమో, పరీక్ష రాసి సొంత ఉద్యోగమో సంపాదించి ఇదే బాయికి పోవచ్చు. అప్పుడు నైట్ షిఫ్టు చేసి వచ్చి ఇదే వరుసలో ఒరుగుతాడు. ఆ రోజు కిటికీ పక్కనుంచి ఇంకొకరి కొడుకు సరదా పోతుంటే తెలుస్తుంది. అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే తెలియజెప్పడం పెంపకంలో భాగం.

క్వార్టరు గోడలు కాస్త మందంగా ఉంటాయి, నయం. కాంట్రాక్టు కార్మికులు కిరాయి గదుల్లో, రేకుల కింద పడుకుంటారు. ఎండాకాలం ఆ రేకుల కింద నిద్ర పట్టడమే ఒక వరం. పర్మినెంటు మనిషి బోనస్‌తో కొన్న మోత కాంట్రాక్టు మనిషి రేకు మీద పడుతుంది. 2024లో వాళ్లకు లాభాల్లోంచి మొదటిసారిగా ఇచ్చింది తలకు ఐదువేలు. మన కొడుకు బాక్సుల ఖర్చు అంతకంటే ఎక్కువే అవుతుందేమో ఒకసారి చూసుకోండి. నాకైతే ఆ పోలికే సిగ్గుగా ఉంటుంది.

మరి ఏం చేద్దాం? కొట్లాట అక్కరలేదు. నాలుగు పనులు చాలు.

మొదటిది, డబ్బు దగ్గర గట్టిగా ఉండటం. బండి కొనిచ్చేటప్పుడే ఒక మాట అనండి. "బిడ్డా, హెల్మెట్ కొనిస్తా, టైరు కొనిస్తా, వానకు కోటు కొనిస్తా. బాక్సులకు మాత్రం నా చెయ్యి లేవదు." తండ్రి మెత్తబడితే ఆయన సొంత నైట్ షిఫ్టు వారం గుర్తుచేయండి. ఆయనకు ఇంకో వాదన అక్కరలేదు.

రెండోది, ఇప్పటికే బిగించిన ఇళ్లు. వైర్లు మంచి మెకానిక్‌తో తీయించి, ఆ బాక్సులు ఇంట్లో పెట్టించండి. డబ్బు పోదు, పాట పోదు. అందాకా కాలనీ గేటు నుంచి గేటు వరకు బంద్ అని ఒట్టు పెట్టించుకోండి.

మూడోది, గేటుకు ఒక అట్టముక్క. "నైట్ డ్యూటీ, నిద్రలో ఉన్నారు" అని రాసి ఆ వారమంతా కట్టండి. తెలియక చేసేవాళ్లు చాలామంది ఉంటారు. తెలిసిన తర్వాత కూడా చేసేవాడి బండి నంబరు వరుసంతటికీ తెలిసిపోతుంది.

నాలుగోది, సంఘాల పెద్దలను అడగడం. గేట్ మీటింగుల్లో జీతం గురించి, వాటా గురించి, అలవెన్సుల గురించి గంటలు మాట్లాడతారు. మాట్లాడాలి. వాటితో పాటు పగటి నిద్ర గురించి ఒక్క మాట చెప్పమనండి. టోపీ, లైటు, బూట్లు లేకుండా బాయిలోకి దిగనివ్వరు కదా. నిద్ర కూడా ఆ సామానులో ఒకటని, దాన్ని స్టోర్‌లో ఇవ్వరని, ఇంట్లో ఆడవాళ్లు తయారుచేసి పంపుతారని మైకులోనే చెప్పమనండి. అలాంటి మాట చెప్పడానికి మైకు వాడితే నాకేమీ అభ్యంతరం లేదు.

పిల్లవాడు అలుగుతాడు. రెండు పూటలు అన్నం మానేస్తాడేమో. "అందరి బండ్లకూ ఉన్నాయి" అంటాడు. అలగనివ్వండి. మన ఇంట్లో ఒక అలక రెండు రోజుల్లో తీరిపోతుంది. పక్కింట్లో తెగిన నిద్ర రాత్రి షిఫ్టులో దేనికి దారితీస్తుందో ఎవరికీ తెలియదు. తెలిసిన రోజున మనం చేయగలిగింది ఏమీ మిగలదు.